బొటనవ్రేలి సారథ్యము

కారు పందెముల ఆటలాడు యువకులలో ఇటీవల ఒక కోరిక బలపడుచున్నది. చేతిలో ఇమిడిపోవు గేమ్‌ప్యాడ్‌ను ప్రక్కన పెట్టి, బల్లకు బిగించుకొను స్టీరింగు చక్రమును, నేలమీద అమర్చుకొను పెడళ్ళను కొనవలెనని వారి ఉబలాటము. ఉబలాటము మంచిదే, కాని దానికి వారు చెప్పుకొను కారణము మాత్రము నాకు సమ్మతము కాదు. చక్రము పట్టినంతనే వేగము పెరుగునని, నిన్నటిదాక మూడవ స్థానమున నిలిచినవాడు రేపటినుండి మొదటి స్థానమునకు ఎగబ్రాకునని, పోసిన పాతిక ముప్పదివేల రూపాయలకు ఫలము ల్యాపు గడియారమునందు కనబడునని వారి నమ్మకము. గడియారమునందు కనబడునది వేరు. మొదటి కొన్ని వారములపాటు ల్యాపు సమయము తగ్గుటకు మారుగ పెరుగును. కన్నులు మూసికొని తిరుగగలిగిన మలుపులోనే కారు గడ్డిలోనికి పోవును. ఎదుటివాని బంపరును గ్రుద్దిన అపకీర్తియు మూటగట్టుకొనవలసివచ్చును. సాధన చేయగా చేయగా పాత వేగము మరల చేతికి వచ్చును గాని, అచ్చటినుండి ఎంత ముందునకు పోవుటయన్నది మనిషినిబట్టి యుండును. గేమ్‌ప్యాడ్‌తోనే ఆడుచు చక్రధారులను వెనుకకు నెట్టువారు ఎందరో కలరు. కారు నడుపుటయను పనిలో మనకు తెలియకుండ ప్రోగ్రాము చేసిపెట్టుచున్న భాగమును తిరిగి మన చేతిలోనికి తెచ్చుకొనవలెనను తహతహ గలవానికి చక్రము కొనదగిన వస్తువు. వేగమును మాత్రమే కోరువాడు తన డబ్బును దాచుకొనుట మేలు.

ఆ చేసిపెట్టుట ఎట్టిదో చూతము. గేమ్‌ప్యాడ్‌మీద ఎడమ బొటనవ్రేలి క్రింద నుండు స్టిక్కు, మధ్యనుండి అంచువరకు జరుగు దూరము అర అంగుళమునకు మించదు. సామాన్యమైన రోడ్డు కారులో స్టీరింగును ఈ కొసనుండి ఆ కొసకు త్రిప్పుటకు ఇంచుమించు రెండున్నర చుట్లు, అనగా 900 డిగ్రీలు పట్టును. ఇండ్లలో ఎక్కువగ కనబడు లాజిటెక్ జి29 చక్రమును అంతమాత్రమే తిరుగును. దాని అంచును పట్టుకొన్న చేయి మధ్యనుండి ఒక కొసకు పోవుటకు నడువవలసిన దూరమును లెక్కించినచో దాదాపు ఒక మీటరు వచ్చును. ఒక మీటరు పొడవున పరచుకొన్న పనిని అర అంగుళములో ముగింపవలసివచ్చినప్పుడు బొటనవ్రేలికి అంతటి నిగ్రహము ఎక్కడిది? గంటకు 250 కిలోమీటర్ల వేగమున పోవు కారును తిన్నగ నిలుపుటకు చక్రమును రెండు మూడు డిగ్రీలు కదల్చిన చాలును. అంత కదలికను స్టిక్కుమీద కొలిచినచో తలవెండ్రుక మందము మాత్రమే యగును. మనుష్యుని వ్రేలికి సాధ్యముకాని ఈ సూక్ష్మతను ఆటను రచించినవారు ప్రోగ్రాములో దాచియుంచిరి. మనము స్టిక్కును ఒక్క త్రోపున అంచుకు నెట్టినను తెరమీది కారు ముందు చక్రములు ఒక్కసారిగ తిరుగవు. ప్రోగ్రాము వానిని క్రమక్రమముగ త్రిప్పును. వేగము హెచ్చిన కొలది ఆ త్రిప్పుటకు హద్దు పెట్టును. మధ్యభాగమున వ్రేలు కొంచెము వణికినను దానిని లెక్కలోనికి తీసికొనదు. టైరు పట్టు తప్పిపోవు కోణము దాటి త్రిప్పనీయని ఆటలును లేకపోలేదు. మనము ఎటు పోవలెనో కోరుచుందుము; అటు తీసికొనిపోవు పనిని ప్రోగ్రాము నిర్వహించుచుండును.

తెలుగునాట నేడు ముప్పదియేండ్లు పైబడినవారిలో అనేకులకు ఇందుకు ఇంకను ముతకయైన నిదర్శనము జ్ఞాపకముండును. వారు కారు ఆటలను నేర్చినది గేమ్‌ప్యాడ్‌తో కూడ కాదు. అమీరుపేటలోనో, గుంటూరులోనో, విజయవాడలోనో, గంటకింతయని రుసుము తీసికొనెడి నెట్ సెంటర్లలో, అక్షరములు అరిగిపోయిన కీబోర్డు బాణపు మీటలమీద. రోడ్ ర్యాష్ మోటారు సైకిళ్ళును, 2005లో వచ్చిన నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ కారులును ఆ మీటలతోనే పరుగులెత్తెను. మీట నొక్కబడియైన నుండును, వదలబడియైన నుండును. సగము నొక్కుట యనునది లేదు. అయినను కారు వంపుదారిలో ఒయ్యారముగ వంగిపోయెడిది. దీర్ఘమైన మలుపు వచ్చినప్పుడు మీటను టకటకమని కొట్టుచు, ఆ దెబ్బల నడిమి విరామమునుబట్టి వంపును సరిచేసికొనుట ఆనాటి కుఱ్ఱవాండ్రకు తెలిసిన ఒడుపు. దానిని విద్య కాదనలేము. ఐతే అది ప్రోగ్రాము మనస్సును చదువు విద్య. కారుతోను రోడ్డుతోను దానికి గల చుట్టరికము చాల దూరపుది.

చక్రము ఇటీవలి విలాసమని తలచువారు చరిత్రను తలక్రిందులుగ చదువుచున్నారు. 1974లో అటారీ సంస్థ గ్రాన్ ట్రాక్ 10 అను ఆటను ఆటశాలలలో పెట్టినప్పుడే దానికి స్టీరింగు చక్రము, గేరు, కాలిక్రింద పెడళ్ళు అమరియుండెను. నలుపు తెలుపు తెరమీద మాత్రము చుక్కలతో గీసిన బాటయు, చీమంత కారును తప్ప మరేమియు లేకుండెను. 1989లో అటారీ గేమ్స్ వారు తెచ్చిన హార్డ్ డ్రైవిన్‌కు తాళపుచెవి త్రిప్పి ఇంజను లేపుట మొదలుకొని క్లచ్చి త్రొక్కి గేరు మార్చుటవరకు సర్వమును ఉండెను; పైగా చక్రములోని మోటారు ఆడువాని చేతికి ఎదురు తిరుగుచుండెను. ఆ కారు నడకకు వెనుకనున్న గణితమున సాయపడిన డగ్ మిల్లికెన్, తరువాత తండ్రియైన విలియం మిల్లికెన్‌తో కలిసి 1995లో ప్రకటించిన పందెపు కారుల గతిశాస్త్ర గ్రంథము నేటికిని ఇంజనీర్లకు ప్రామాణికమై యున్నది. ఆటబొమ్మ యనుకొన్న యంత్రమును అంతటివాడు సరిచూచెను! ఇంటింటికి అట్టి యంత్రమును అమ్ముట అసాధ్యము గనుక, పిడిగుద్దుల ఆటకును బంతియాటకును కారు ఆటకును ఒక్కటే చాలునట్టి గేమ్‌ప్యాడ్‌తో కంపెనీలు సరిపెట్టెను. ఆ సరిపెట్టుకోలు కారు ఆటలకు చాలదని వారికిని తెలియును. 1995లో నామ్కో సంస్థ నెగ్‌కాన్ అను విచిత్రమైన ప్యాడును చేసి, దానిని నడిమికి రెండుగ విడదీసి, తడిబట్టను పిండినట్లు మెలిత్రిప్పి కారును నడుపుడనెను. అది నిలువలేదు. 1997లో సోనీవారి డ్యూయల్ షాక్ ప్యాడు వచ్చుటయు, ఆ యేడే డిసెంబరులో జపానునందు కజునోరి యమఉచి బృందము గ్రాన్ టురిస్మోను విడుదల చేయుటయు సంభవించి, బొటనవ్రేలి సారథ్యము లోకమంతట స్థిరపడెను.

చక్రము తెచ్చిపెట్టునది త్రిప్పుటకు ఎక్కువ చోటు మాత్రమే యైనచో నేనింత వ్రాయనక్కరలేదు. దాని అసలు గుణము ఎదురు మాటాడుట. మలుపులో ముందు టైరు నేలను తాకుచోట రబ్బరు ప్రక్కకు సాగి మెలిపడును. ఆ మెలిక తాకుడు భాగము ముందరికంటె వెనుకన అధికముగ నుండుటచే, నేల టైరును ప్రక్కకు త్రోయు బలము టైరు నడిమికి కొంచెము వెనుకగ పనిచేయును. అందువలన చక్రము తనంతట తాను తిన్ననగుటకు ప్రయత్నించుచుండును. కారు నడుపువాని అరచేతికి తెలియు బరువు ఇదియే. వేగము పెరిగి, మలుపు బిగిసిన కొలది ఆ బరువు హెచ్చును. కాని టైరు తన శక్తి చివరికి వచ్చుసరికి తాకుడు భాగపు వెనుక అంచు జారుట కారంభించి, పట్టు పూర్తిగ పోవుటకు ఒక క్షణము ముందే చక్రము చేతిలో తేలికపడును. ఆ తేలికయే హెచ్చరిక. ప్రోగ్రాము ఈ బలమును క్షణక్షణము లెక్కించి మోటారునకు పంపగా, ఆ మోటారు చక్రమును బిగించును, వదలును, వణికించును. గేమ్‌ప్యాడ్‌లోను ప్రకంపన కలదు. సామాన్యముగ అది రెండు మోటారుల గురగుర మాత్రమే. కారు జారుచున్నదని చెప్పగలదు గాని ఎటు జారుచున్నదో, ఎంతవరకు జారినదో చెప్పజాలదు. ఆ వార్త కన్నుల ద్వారా రావలెను, కన్నులకు అది ఆలస్యముగ వచ్చును.

వెనుక టైర్లు జారినప్పటి సంగతి ఇంకను రమ్యముగ నుండును. తోక కుడికి విసరిపోవుచుండగా ముందు చక్రములు తమ స్వభావముచేతనే కారు పోవుచున్న దిక్కునకు తిరుగజూచును. స్టీరింగు చేతులలోనుండి దానంతట అది గిఱ్ఱున మలుపునకు ఎదురు దిశకు పరుగెత్తును. నేర్పరి దానిని బిగబట్టడు. వ్రేళ్ళ సందుననుండి జారనిచ్చి, చాలినచోట పట్టుకొనును. గేమ్‌ప్యాడ్‌లో ఇదే పనిని మనము ఊహించి చేయవలెను, మన ఊహలోని తప్పును ప్రోగ్రాము దిద్దవలెను. ఈ విషయమున స్టీరింగు చక్రములలోను తారతమ్యములు కలవు. పళ్ళచక్రములతో త్రిప్పు జి29 మోటారు బలము రెండు న్యూటన్ మీటర్లకు కొంచెము పైన. బెల్టుతో త్రిప్పు థ్రస్ట్‌మాస్టర్ టి300 అంతకంటె మెత్తగ నుండును. మోటారు కడ్డీకే చక్రమును తగిలించు డైరెక్ట్ డ్రైవ్ యంత్రములలో ఫనాటెక్‌వారి యంత్రమొకటి 5 లేక 8 న్యూటన్ మీటర్లు, లాజిటెక్ ప్రో 11. బలముకంటె తత్తరపాటు లేని వేగమే ముఖ్యము. తోక జారిన క్షణమున చక్రము ఎంత త్వరగ తిరుగగలదన్నదానిమీదనే కారు దక్కుట, దక్కకపోవుట ఆధారపడి యుండును.

జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగ్ ఉత్తరపథమును దాదాపు అన్ని ఆటలవారును తమ ఆటలలో పొందుపరచిరి. అడవి కొండలనడుమ 20.8 కిలోమీటర్లు సాగు ఆ బాటలో కారుస్సెల్ అను ఎడమ మలుపు కలదు. దాని లోపలి అంచున కాంక్రీటు పలకలతో వాలుగ కట్టిన గాడి యుండును. పూర్వము రుడాల్ఫ్ కరచియోలా అను వీరుడు నీరుపోవు ఆ గాడిలోనికి లోపలి టైర్లను దింపి త్వరగ తిరుగుటను చూపెనని చెప్పుకొందురు. మలుపునకు ఆయన పేరే పెట్టబడినది. గేమ్‌ప్యాడ్‌తో ఆ మలుపు తిరిగినవానికి తెర ఊగుటయు, ప్యాడు బుసకొట్టుటయు తెలియును. చక్రముతో తిరిగినవానికి గాడిలో దిగినప్పటి కుదుపు మణికట్టులకు తగులును. ఒక్కొక్క పలక అతుకును వరుసగ దబదబమని చేతులలో వినబడును. వాలు కారును పట్టియుంచుటచే స్టీరింగు బరువెక్కును. గాడి చివర సమతలమునకు ఎక్కునప్పుడు ఆ బరువు హఠాత్తుగ దిగిపోయి, ముందే సిద్ధపడనివానిని కారు బయటి అంచునకు విసరును. అచ్చట కారును కాపాడునది చేతిలో బరువు దిగుటను కనిపెట్టుటయే.

ఇంతటి వార్త చేతికి వచ్చుచుండగా ఆటగాడు మొదట మందగించుట ఎందుకని అడుగవచ్చును. సంగీతమునుండి ఒక పోలిక తెత్తును: హార్మోనియము మెట్టు నొక్కినంతనే స్వరము సిద్ధముగ పలుకును; వీణయందు తంతిని లాగి, గమకమును చేతితో పుట్టించుకొనవలెను. హార్మోనియమునుండి వీణకు పోయినవాడు కొన్నాళ్ళు అపస్వరములే వాయించును. అంతవరకు స్వరస్థానమును యంత్రము చూచుకొనుచుండెనని అప్పుడుగాని అతనికి తెలియదు. గమకము పలుకదనియే 1940లో ఆలిండియా రేడియో హార్మోనియమును తన కేంద్రములనుండి బహిష్కరింపగా, ఆ బహిష్కారము ముప్పదియేండ్లు సాగెను. ఆ ముప్పదియేండ్లును మన పౌరాణిక నాటకముల పద్యములు హార్మోనియము శ్రుతిమీదనే తెల్లవారుజాము వరకు రాగములు తీయుచునే యుండెను. కావున గేమ్‌ప్యాడ్‌ను రేడియోవారివలె వెలివేయుటకు నేను పూనుకొనలేదు. ఫోర్జా హొరైజన్ వంటి ఆటలు, పొలములకు అడ్డముపడి కంచెలను పగులగొట్టుకొని పోవు ఆటలు, బొటనవ్రేలి కొరకే రచింపబడినవి. వానిని చక్రముతో ఆడుట వినోదమును పోగొట్టుకొనుట. చక్రము కొన్న తరువాత ఆ ఆటలలో ఓడి, చక్రము పనికిరానిదని అంతర్జాలమున అమ్మకమునకు పెట్టువారిని చూచినప్పుడు నాకు జాలి కలుగును. సగము వెలకు కొనుక్కొన్నవాని అదృష్టమును చూచి అసూయయు కలుగును.

బ్రేకు విషయమున మాత్రము గేమ్‌ప్యాడ్‌ను సమర్థించుట నాకు సాధ్యము కాదు. ఇటలీలోని మోంజా బాటలో పొడవైన తిన్నని దారిని 300 కిలోమీటర్లు మించిన వేగమున దాటి వేగమును తగ్గించుటకై పెట్టిన మొదటి మెలికమలుపు, అనగా షికేను నొద్దకు వచ్చిన కారును ఒక్కసారిగ మిక్కిలి తక్కువ వేగమునకు దింపవలెను. మొదట బలమంతయు పెట్టి త్రొక్కి, వేగము తగ్గిన కొలది సడలించుచు, మలుపు తిరుగుట మొదలిడిన తరువాతను కొంచెము బ్రేకును నిలిపియుంచి, ఆ మిగిలిన బరువుతో ముందు టైర్లను నేలకు అదిమిపట్టుట అందులోని సూక్ష్మము. ఈ పనిని ఒక మీటమీద చూపుడువ్రేలి కొసతో చేయుట దుష్కరము. అందుచేతనే ప్యాడుతో ఆడువారు చక్రములు బిగుసుకొనకుండ చూచు ఏ.బి.ఎస్. సహాయమును తీసివేయుటకు జంకుదురు. మన కాలికి దూరము జ్ఞాపకముండదు, బలము జ్ఞాపకముండును. పెడలు ఎంత దూరము దిగినదో కొలుచు బ్రేకుకంటె, ఎంత బలముతో త్రొక్కబడినదో కొలుచు లోడ్ సెల్ బ్రేకు మేలనుటకు ఇదియే హేతువు. జి29 తయారుచేసినవారు దూరమును కొలుచు పద్ధతినే ఉంచి, పెడలు వెనుక ఒక రబ్బరు ముక్కను పెట్టి, చివర బిగువు వచ్చునట్లు చేసిరి; ఏమియు లేకుండుటకంటె అది నయము. ధనము పరిమితముగ నున్నవాడు మోటారుమీద కంటె బ్రేకుమీద ఎక్కువ ఖర్చు పెట్టుట వివేకమని నా అభిప్రాయము.

ఆ బ్రేకు త్రొక్కుటకు ఇల్లు సహకరింపవలెను గదా. మన అపార్టుమెంట్లలో నేల నున్నని టైల్సు. బలముగ త్రొక్కినంతనే పెడళ్ళ పెట్టె ముందునకు జారును. ఆఫీసు కుర్చీ తన చిన్న చక్రములమీద వెనుకకు జారును. నడుమనున్న సారథి కాళ్ళు చాపుకొని సగము పండుకొన్న భంగిమలో మోంజా మలుపును సమీపించును. పెడళ్ళకును గోడకును నడుమ పీట వేసినవారు కలరు; కుర్చీ చక్రములను పాత బూట్లలో దింపి కదలకుండ చేసినవారు కలరు. ప్లైవుడ్ చదువుబల్లకు బిగించిన చక్రము మలుపు మలుపునకు బల్లనంతటిని ఊపుచుండగా, బల్లమీది మానిటరు కూడ తల ఊపును. పళ్ళచక్రముల గడగడ రాత్రివేళ ప్రక్కగదిలోని తల్లిదండ్రుల నిద్రను హరించును. అంగడిలో చక్రమును చూపువారు ఈ సంగతులు చెప్పరు. ఒక అనుకూలము మాత్రము మనకు కలదు: మన కారులలో గేరు ఎడమచేతికి వచ్చును గనుక, విడిగ అమ్ము గేరు పెట్టెను చక్రమునకు ఎడమవైపున బిగించుకొన్నచో, మొదటి గేరు ఎడమ ప్రక్క పైననే నిలిచి, మన రోడ్డు కారు అలవాటునకు సరిపోవును. తెరమీది జర్మను కారు డ్రైవరు కుడిచేతితో గేరు మార్చుచున్నట్లు కనబడుట కొంత వింతగ నుండును. రెండు రోజులలో కన్నులు దానిని మరచును.

క్రొత్తగ చక్రము పట్టినవానికి నేను మొదట చెప్పు ఆట పందెపు ఆటయే కాదు. ప్రాగ్ నగరపు ఎస్.సి.ఎస్. సంస్థ 2012లో తెచ్చిన యూరో ట్రక్ సిమ్యులేటర్ 2లో పోటీ లేదు, పతకము లేదు. సరుకు నింపిన లారీని ఊరినుండి ఊరికి తోలుకొనిపోయి, చివర ట్రెయిలరును వెనుకకు నడిపి గోదాము ముందు నిలుపవలెను. 900 డిగ్రీల చక్రము సార్థకమగునది అచ్చటనే. వెనుకకు పోవునప్పుడు స్టీరింగు ఎటు త్రిప్పిన ట్రెయిలరు తోక దానికి ఎదురుగ పోవునను సత్యము చేతులకు పట్టుటకు ఓర్పు కావలెను. ఓర్పు నేర్చిన చేతులు తరువాత పందెములోను తొందరపడవు. పందెమే కావలెనన్నవారు, రోము నగరము దాపున నున్న కునోస్ సంస్థవారి అసెట్టో కోర్సాలోనో, ఐరేసింగులోనో మాజ్దా ఎం.ఎక్స్-5 వంటి తక్కువ బలముగల కారును ఎన్నుకొని, ఒక్క బాటనే పట్టుకొని తిరుగుట మేలు. అయిదువందల గుఱ్ఱముల బలముగల కారుతో మొదలిడువాడు జారుటను నేర్చును గాని, జారకముందు వచ్చు హెచ్చరికను నేర్వడు.

ఇంటనున్న పెద్దలకు ఒక భయము. తెరమీద చక్రము పట్టినవాడు రోడ్డుమీదను అట్లే తోలునేమో యని. దీనికి ఒక నిదర్శనమును చూతము. నిస్సాన్, సోనీ సంస్థలు కలిసి 2008లో ఆరంభించిన జీటీ అకాడమీ, ఆటగాండ్రనుండి నిజమైన పందెగాండ్రను ఏరుట కొరకు వెలసినది. మొదటి విజేత స్పెయిను దేశస్థుడు లూకాస్ ఓర్డోన్యెస్. 2011లో గెలిచిన బ్రిటిషు యువకుడు జాన్ మార్డెన్‌బరో. వీరిద్దరును 2013లో లెమాన్ 24 గంటల పందెమున ఒకే కారును పంచుకొని ఎల్.ఎం.పి.2 తరగతిలో మూడవ స్థానమును పొందిరి. ఈ కథను 2023లో చలనచిత్రముగ తీసిరి. ఆ మార్డెన్‌బరోయే 2015 మార్చిలో, పైన చెప్పిన న్యూర్‌బుర్గ్‌రింగ్‌లో పందెమాడుచుండగా, మిట్టమీద కారు ముందుభాగము గాలిలోనికి లేచి కంచె దాటిపోగా ఒక ప్రేక్షకుడు ప్రాణము కోల్పోయెను. వేలమంది ఆటగాండ్రలో ఏరి, శిక్షణయిచ్చి, లైసెన్సు ఇప్పించిన సారథి గతి అది. చక్రము చేతులకు కొన్ని వార్తలను చెప్పును. వీపుకు, పొట్టకు, భయమునకు అది ఏమియు చెప్పదు. సందులోనుండి అకస్మాత్తుగ దూకు ఆటోను, రాంగురూటున వచ్చు ట్రాక్టరును, రోడ్డు నడుమ తీరికగ నెమరువేయు ఆవును ఏ పందెపు ఆటయు చూపదు. కావున పెద్దల భయము పూర్తిగ నిరాధారము కాదు. ఐనను కారు ఎప్పుడు పట్టు తప్పునో ఎన్నడును ఎరుగనివానికంటె, ఆ హద్దును వందలసార్లు ఇంటిలో దాటి గోడకు గ్రుద్దుకొన్నవాడు రోడ్డుమీద దానికి దూరముగ నుండుటకే అవకాశము ఎక్కువని నేను తలతును.

చక్రముగల సిమ్యులేటరును, అనగా కారు నడకను అనుకరించు యంత్రమును, పెద్దలు కూడ ఆటవస్తువుగ చూచు కాలము గతించినది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగరు తీరమున విద్యుత్తు కారుల ఫార్ములా ఇ పందెము జరిగినప్పుడు, 2.8 కిలోమీటర్లు సాగిన ఆ బాట పందెమునకు కొన్ని దినముల ముందువరకు నగరవాసుల బస్సులకును స్కూటర్లకును రహదారి. ఆ పందెపు కారులతో అచ్చట ముందుగ అభ్యాసము చేయుటకు వీలు చాల తక్కువ. అట్టి వీధిబాటల మలుపులను డ్రైవర్లు దూరదేశములలోని సిమ్యులేటరులయందే నేర్చికొందురు. ఆనాడు గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ హైదరాబాదు వీధులలో పందెమాడుట అదియే మొదలు.  

మన ప్రభుత్వమును సిమ్యులేటరును గుర్తించినది. గుర్తింపు పొందిన డ్రైవరు శిక్షణ కేంద్రములను గూర్చి కేంద్ర ప్రభుత్వము చేసి, 2021 జూలై నుండి అమలులోనికి తెచ్చిన నియమముల ప్రకారము, అట్టి కేంద్రములలో పరీక్షాపథముతో పాటు సిమ్యులేటరులును ఉండవలెను. నియమము మెచ్చదగినది. సిమ్యులేటరు ఉన్నదా యని చూచు అధికారి, దాని చక్రములో ఏమున్నదని కూడ చూడవలెనని నా మనవి. లోపల మోటారు లేక, కేవలము స్ప్రింగు బలముతో మధ్యకు వచ్చు చక్రమును ఒక తెరముందు నిలిపినచో నియమము తీరును. నేర్చుకొనువాని చేతికి మాత్రము రోడ్డునుండి ఒక్క వార్తయు అందదు. వానలో తడిసిన రోడ్డుమీద ముందు టైర్లు జారునప్పుడు స్టీరింగు తేలికపడునని, అప్పుడు ఇంకను త్రిప్పుటకంటె వేగము తగ్గించుటయే తరణోపాయమని, ప్రాణాపాయము లేకుండ నేర్పగల చోటు మోటారుగల సిమ్యులేటరే. శిక్షణకు రుసుము కట్టువారు మొదటిరోజుననే ఆ చక్రమును పట్టి చూతురు గాక. తెరమీది బండి నిలిచియున్నప్పుడును, నూరు కిలోమీటర్ల వేగమున మలుపు తిరుగునప్పుడును అది ఒకే బరువుతో తిరిగినచో, ఆ గంటను కూడ పరీక్షాపథముమీది కారులోనే ఇప్పింపుడని అడుగుట న్యాయము.